పిడికెడు వంగ విత్తనాలు

నేను ఐదో క్లాసు వరకే చదివాను, అదీ తమిళంలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాకే నేర్చుకున్నాను. రాత వంకరగా ఉంటే ఓర్చుకోండి.

ఒకసారి రాజపాళయంలో తళవాయిపురం బస్సెక్కాను. ఒళ్ళో వంగ విత్తనాల మూట ఉంది. పక్కన కూర్చున్నాయన విత్తనాల కంపెనీలో పనిచేస్తాడట. మా వంగకు పురుగు అంతగా పట్టదని చెప్పగానే చెయ్యి చాపాడు.

"పిడికెడు ఇయ్యండక్కా. దీని గుణం కలిపి కొత్త రకం చేస్తాము."

విత్తనం అడిగినవాళ్ళకు మా ఇళ్ళలో లేదనరు, అమ్మరు. మూట ముడి విప్పుతూ అడిగాను.

"సరే తంబీ. ఆ కొత్త రకం వచ్చినాక నాకూ పిడికెడు ఇస్తారా?"

"అదెట్లక్కా? కంపెనీది కదా, పాకెట్ కొనాల."

"కొన్నాక దాంట్లో విత్తనం తీసి మళ్ళా వేసుకోవచ్చునా?"

"తీసినా సరిగ్గా రాదు. ఏటేటా కొనాల్సిందే," అని నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది.

"మా అవ్వ మంచి కాయలు ఏరి ఏరి నిలబెట్టిన విత్తనం ఇది. ఆమె ఎవరినీ దుడ్డు అడగలేదు. నువ్వు మాత్రం ఊరికే తీసుకొని మాకే అమ్ముతావా?"

ముడి మళ్ళీ బిగించాను. ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది. కండక్టర్ చూసి, "ఏం సార్, టికెట్ నేను కదా అడగాల," అన్నాడు.

విత్తనం లేదని నేను అన్నది ఆ ఒక్కసారే. అవ్వ ఉంటే తిట్టేదేమో.

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఇవ్వనందుకు మాత్రం మన్నించమని అడగను.