మస్తాన్ భాయ్ లెక్కపెట్టిన కణాలు

ఈ ఉదయం దుమ్ముగాలి వీచింది. కిటికీలన్నీ మూసినా నాలుక మీద ఇసుక రుచి తగిలింది. రిటైరై దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో కూతురి దగ్గర ఉంటున్న నాకు ఇలాంటి రోజుల్లో మస్తాన్ భాయ్ దగ్గు చెవిలో వినిపిస్తుంది. ఆయన పోయి మూడేళ్ళు దాటింది.

మేమిద్దరం ఇక్కడే ఒక చిన్న క్లినిక్‌లో పనిచేశాం. నేను రికార్డులు రాసేవాణ్ణి, ఆయన రక్తపరీక్షలు చేసేవాడు. నెల్లూరు మనిషి. యంత్రం కణాల లెక్క చెప్పినా, అనుమానం కలిగిన ప్రతి నమూనానూ గాజుపలక మీద పరిచి, రంగు వేసి, నూరు తెల్లకణాలు తన కంటితో లెక్కపెట్టేవాడు. కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒకసారి నన్ను పిలిచాడు.

“రాసింది చాల్లే, రాండన్నా. దీన్ని చూడండి.”

సూక్ష్మదర్శినిలో నారింజరంగు నలుసులు నిండిన కణాలు కనిపించాయి.

“ఇయ్యి ఇసినోఫిల్స్. మన బిల్డింగ్ వాచ్‌మన్ లాంటివి. ఒంట్లోకి పురుగులొస్తే తరమాల. ఉబ్బసమోడి ఒంట్లో మాత్రం దుమ్ము నలుసొచ్చినా దొంగొచ్చాడని రచ్చ చేస్తాయి. ఆ రచ్చకి ఊపిరిగొట్టాలు వాస్తాయి.”

“ఎవరిదీ రక్తం?”

“నాదే!” అని నవ్వాడు.

డాక్టరు ఆయనకు ఉబ్బసానికి నోటితో పీల్చే మందు పంపులు రెండు ఇచ్చాడు. నీలంరంగుది ఆయాసం వచ్చినప్పుడు. వాపు తగ్గించే రెండోది ప్రతిరోజూ. ఊపిరి కాస్త తేలికపడగానే ఆ రెండోది మానేసేవాడు. అడిగితే, “బాగున్నోడికి మందేందన్నా, ఖలాస్!” అనేవాడు. ఇతరుల రక్తంలో ఒక్క కణాన్ని వదలని మనిషి! నేనూ తక్కువవాణ్ణి కాదు. నా డైరీలో రాసుకుంటూ వచ్చాను: నీలం పంపు రోజుకు రెండుసార్లు. నాలుగుసార్లు. మరుసటి వారం ఏడు. జబ్బు ముదురుతోందని అర్థమైనా, తోటివాడి జబ్బులో తలదూర్చడం మర్యాద కాదనుకుని ఆ పేజీలు అలాగే మూశాను.

ఒక మధ్యాహ్నం తన గదిలో ఊపిరాడక కూలబడ్డాడు. ఆస్పత్రికి తీసుకువెళ్తుంటే దారిలోనే పోయాడు. నాలుగోరోజు నెల్లూరు నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది.

“ముందునుంచే ఎక్కువైందా అన్నా? మీకేమన్నా తెలుసా?”

డైరీ నా ఒళ్ళో తెరిచే ఉంది. “తెలుసమ్మా,” అన్నాను.

చూడటం ఆయన నేర్పాడు. చూసినదాన్ని నోరు విప్పి చెప్పడం ఆయన పోయాక, చాలా ఆలస్యంగా వచ్చింది. మొన్న నేనెక్కిన షేరింగ్ కారు నడిపే తెలుగు కుర్రాడు సిగ్నల్ దగ్గర నీలం పంపు పీల్చాడు.

“ఇవాళ ఎన్నోసారి బాబూ?”

“మీకెందుకు అంకుల్?” అని విసుక్కున్నాడు.

నేను దిగాల్సిన చోటు వచ్చింది. దిగకుండా మళ్ళీ అడిగాను.