పనికిరాని పంతులు

కొనకనమిట్ల దగ్గరి ఒక పల్లెలో మిషను బడి పంతులు వరప్రసాదానికి ఒక రోగం ఉండేది. మంచిదేది కనబడినా నోరు ఊరుకునేది కాదు. మార్కాపురం తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న, మద్రాసు దొరల కాలం నాటి మాట ఇది. దేవుడు కూడా తాను చేసిన లోకాన్ని చూసి బాగుందనుకున్నాడు కదా, మెప్పు పుట్టిందే అక్కడ, అని అతని వాదన.

"దేవుడు మెచ్చుకున్నది ఆయన చేసినదాన్ని. నువ్వు మెచ్చుకొనేది గంగయ్య మామ పొట్టేలుని," అనేది భార్య దయామణి.

ఆ పొట్టేలే కొంప ముంచింది. దాని కొమ్ములు చూసి, "మామా, పొదిలి సంతంతా గాలించినా ఇట్లాంటిది దొరకదు," అన్నాడు పంతులు నలుగురిలో. మర్నాడు అది కుంటింది. ఆ వారంలోనే వీరమ్మ కూతుర్ని, "ఒక్కసారి చెబితే చాలు, పట్టేస్తుంది" అన్నాడు. పిల్లకు జ్వరం తగిలింది. దిష్టి అన్నారు ఊళ్లో. పంతులు ఎదురొస్తే పాలచెంబు కొంగు కిందికి పోయేది. నెమ్మదిగా పిల్లలూ బడి మానేశారు. దిష్టి వట్టి మూఢనమ్మకమని పంతులు వివరంగా బోధించాడు. వినడానికి దయామణి, ఒక కోడి మిగిలాయి.

సోమవారం మార్కాపురం నుంచి తనిఖీ అయ్యగారు వస్తున్నారు. బడి ఖాళీగా ఉంటే ఎత్తేస్తారు. తనకు మళ్లీ నాయన వెంట కూలికి పోవడమే.

పిల్లలను పంపమని బతిమాలడానికి గంగయ్య ఇంటికి పోయాడు. గంగయ్య పొట్టేలు కాలికి పసరు పూస్తున్నాడు.

"ఎట్లుంది మామా?"

"ఏముందిలే. తిండికి చేటు, దండగ గొడ్డు," అంటూనే గంగయ్య రెండో చేత్తో దాని మెడ నిమురుతున్నాడు.

ఆ చేతినే చూస్తూ పంతులు కాసేపు నోరు మూసుకున్నాడు. అతని జీవితంలో అదొక విశేషం. ఈ ఊళ్లో మెప్పు నోటితో కాదు, చేత్తో చెబుతారని అప్పటికి తలకెక్కింది.

తిరిగి వస్తూ వీరమ్మ గడప ముందు ఆగాడు. "అక్కా, నీ కూతురు ఉత్త మొద్దు. మేక ఆకు నమిలినట్టు బలపం నములుతుంది. ఎట్లనో తంటాలు పడతా, పంపించు."

వీరమ్మ ముఖం విప్పారింది. "అంత మొద్దు యాడా ఉండదులే పంతులూ," అంటూ చెంబెడు మజ్జిగ పోసింది.

మిగతా గడపల ముందూ పంతులు ఇదే పాట పాడాడు. సోమవారానికి బడి నిండింది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన తనిఖీ అయ్యగారు ఊరివాళ్లను అడిగారు: "మీ పంతులు ఎలా చెబుతున్నాడు?"

"ఏం చెబుతాడులే అయ్యా. పనికిరాడు," అన్నాడు గంగయ్య. అవునన్నట్టు తలలన్నీ ఊగాయి.

పంతులు కళ్లు చెమర్చాయి. ఇంత మెప్పు అతడు ఆశించలేదు. కాని అయ్యగారి కనుబొమలు ముడిపడ్డాయి. "అయితే ఇతన్ని మార్చి మరొకరిని పంపిస్తాం."

గంగయ్య ఉలిక్కిపడి పంతులు భుజం మీద చెయ్యి వేశాడు. పొట్టేలును నిమిరిన చెయ్యే. "వద్దయ్యా. వచ్చేటోడు పనికొచ్చేటోడైతే మాకు కుదరదు. ఈయన్నే ఉండనీ."

అయ్యగారు ఆ చేతినీ, నిండిన బడినీ చూసి, నవ్వుకుంటూ బండెక్కారు.

పంతులు ఇంటికొచ్చి దేవునికి స్తోత్రం చెప్పుకొని, "విన్నావా? నలుగురిలో నన్ను పనికిరాడన్నారు," అన్నాడు ఛాతీ విరుచుకొని.

సంగటి గెలుకుతున్న దయామణి తల ఎత్తలేదు. "మొగమాటానికి అనుంటారులే. నువ్వు మరీ అంత పనికిరానోడివేం కాదు."