అమ్మ నవ్వని ఫొటో

న్యూ టౌన్‌లో మా ఆఫీసు కింద నగరంలోని కార్మికుల ఫొటోలు ప్రదర్శనకు పెట్టారు. ఏ ఫొటోలోనూ ఒక్కరూ నవ్వడం లేదు. ఆ దిగులు మొహాల్లోకి ఎలా రప్పిస్తారో నాకు తెలుసు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, సంత్రాగాఛి యార్డులో రైలు పెట్టెలు కడిగే అమ్మను ఫొటో తీయడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. అమ్మ సంబరంగా మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. వాడు మొహం చిట్లించి, నవ్వొద్దని బెంగాలీలో అన్నాడు.

మేం బెంగాల్‌కు వలసొచ్చి ఏడాదే; నాకు బడిలో వచ్చేసినా అమ్మకు అప్పటికింకా బెంగాలీ రాదు. "ఏటంతన్నాడే?" అని నన్నడిగింది.

గారపట్టిన పళ్లు వాడికి నచ్చలేదనుకున్నాను. "నీ పళ్లు బాగునేవని నవ్వొద్దంతన్నాడమ్మా" అన్నాను.

అమ్మ నోరు మూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆహా, ఇదీ కష్టమంటే!" అని మురిసిపోతూ ఆ మూర్ఖుడు వరసగా ఫొటోలు తీసుకున్నాడు. ఆమె పేరైనా అడక్కుండా వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి అమ్మ కొంగు అడ్డం పెట్టుకునే నవ్వేది. కష్టజీవులు ఏడుస్తుంటేనే అందమనుకునే ఆ జాతంటే నాకిప్పటికీ రోత. వాడు పళ్ల మాటే ఎత్తలేదని పెద్దయ్యాక అమ్మకు చెప్పాను.

"పోన్లెయ్యే, చిన్నపిల్లవి" అంటూ నవ్వింది, కొంగు చాటునే.