రెండో సాక్షి సంతకం

2021 ఎండాకాలంలో నేను మాయాబందర్‌లో సబ్ రిజిస్ట్రారుని. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. కరోనా రెండో విడత ఉత్తర అండమాన్ దాకా వచ్చిన రోజులవి. స్థలాల క్రయవిక్రయాలు ఆగిపోయాయి గానీ, వీలునామా ఎలా రాయాలని అడిగేవాళ్ళు పెరిగారు. మామూలప్పుడు చావు మాట ఎత్తితే ముఖం చిట్లించే మనుషులు, పక్కింట్లో ఒకరు పోగానే నా గది ముందు నిలబడేవారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు.

అప్పలస్వామికి జెట్టీ దగ్గర బోటు ఇంజన్లు బాగుచేసే షాపు ఉండేది. భార్య పోయింది, పిల్లల్లేరు. భార్య చెల్లెలు చనిపోతే ఆమె కూతురు గౌరిని చిన్నప్పుడే తెచ్చి పెంచుకున్నాడు. ఆ అమ్మాయి స్కూలు మానేసిన నాటి నుంచి షాపులోనే ఉంది. డింగీ అనే చిన్న పడవ ఇంజన్ చప్పుడు విని ఏ భాగం పాడైందో చెప్పగలదు. అయితే దత్తత జరగలేదు. వీలునామా లేకుండా ఆయన పోతే ఇల్లూ షాపూ శ్రీకాకుళం వైపున్న తమ్ముడికి పోతాయి. గౌరికి చట్టంలో చోటు లేదు.

అప్పలస్వామి కోవిడ్ వార్డులో చేరిన మర్నాడు ఆమె ఫోన్ చేసింది. కార్యాలయానికి రాలేనంత జబ్బుతో ఉన్నవాళ్ళ దగ్గరికి సబ్ రిజిస్ట్రారే వెళ్ళి రిజిస్టరు చేసే పద్ధతి ఒకటుంది. అందుకు కావాల్సిన దరఖాస్తు తీసుకుని బయల్దేరాను.

ఇక్కడ చట్టం కొంచెం చెప్పాలి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. తప్పనిసరైనది ఇద్దరు సాక్షుల సంతకం. రాసిన మనిషి సంతకం పెడుతుంటే వాళ్ళు చూడాలి. వాళ్ళు కూడా ఆయన ఎదుటే, ఆయనకు తెలివి ఉండగానే పెట్టాలి.

వార్డుకు వరండా వైపు పెద్ద అద్దాల కిటికీ ఉంది. దాని బయట నేను, గౌరి, సాక్షులుగా వచ్చిన ఇద్దరు పొరుగు దుకాణదారులు నిలబడ్డాం. లోపల అప్పలస్వామి మంచం మీద కూర్చున్నాడు. సిస్టర్ ఆయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది. నేను అడిగినవాటికి ఆయన ఆయాసపడుతూనే తడబడకుండా జవాబు చెప్పాడు. ఎవరికి రాస్తున్నావని అడిగితే అద్దంలోంచి గౌరి వైపు చూపించాడు. తర్వాత, ముందే లోపలికి పంపిన వీలునామా మీద సంతకం పెట్టాడు. బయటున్న ఇద్దరూ చూశారు.

చిక్కు అక్కడే వచ్చింది. వార్డులోంచి ఏ కాగితం బయటకు రావాలన్నా ప్లాస్టిక్ కవరులో వేసి ఒక రాత్రి ఉంచాలని నియమం. బయట సాక్షులున్నారు, లోపల కాగితం ఉంది. తెల్లారేదాకా ఆయన తెలివితో ఉంటాడన్న నమ్మకం లేదు. లోపలి సిబ్బందిలో ఇద్దరిని సంతకం చేయమన్నాను. రోగుల ఆస్తి కాగితాల జోలికి పోవద్దని పైనుంచి మాట వచ్చిందని డాక్టరు అన్నాడు. అతని మీదా నాకు కోపం వచ్చింది, ఆ మాట పంపిన పైఅధికారి మీదా వచ్చింది. మా ముందే సిస్టర్ పెన్ను తీసుకుంది.

"నా కళ్ళ ముందే పెట్టాడు గదా సర్. నేను పెడతాను. ఏటైతే అదవుద్ది," అంది.

ఒక సంతకం దొరికింది. వార్డు అటెండర్లు కాంట్రాక్టు ఉద్యోగులు, వాళ్ళు ముందుకు రాలేదు. వాళ్ళను తప్పు పట్టను. చాలాసేపు వాదించాక డాక్టరు మెత్తబడి, బయటి మనిషి ఒకరికి రక్షణ దుస్తులు ఇస్తానన్నాడు. ఎవరు వెళ్తారని అడిగాను. దుకాణదారులిద్దరూ నేల చూశారు. ఇద్దరికీ ఇంట్లో చిన్నపిల్లలు. గౌరి తాను వెళ్తానంది. ఆస్తి పొందే మనిషే సాక్షి అయితే కోర్టు అనుమానిస్తుందని చెప్పి ఆపాను. నేను వెళ్దామంటే, రిజిస్టరు చేయాల్సిన అధికారే సాక్షి కాకూడదన్నది మా శాఖలో పాటించే పద్ధతి.

చివరికి దుకాణదారుల్లో ఒకరైన సలీం, ఇంటికి ఫోన్ చేసి భార్యతో చాలాసేపు మాట్లాడి, వెళ్తానన్నాడు. ఆ దుస్తులు తొడుక్కోవడం అలవాటు లేని మనిషికి సులువు కాదు. అతను తయారయ్యేలోపు అప్పలస్వామికి ఊపిరి అందలేదు. మంచం చుట్టూ మనుషులు చేరారు. సలీం లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడి సంతకం చేశాడు. అప్పలస్వామి కళ్ళు తెరవలేదు. సాక్షుల సంతకాలు పూర్తయ్యాక రాసిన మనిషి నా ముందు ఒప్పుకుంటే తప్ప నేను రిజిస్టరు చేయలేను. వెనక్కి వచ్చేశాను. ఆయన మర్నాడు పోయాడు.

ఓడలు మళ్ళీ నడిచాక తమ్ముడు వచ్చి వీలునామా చెల్లదని దావా వేశాడు. నన్నూ సాక్ష్యానికి పిలిచారు. సిస్టర్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సలీంను అవతలి వకీలు ఒకటే ప్రశ్న అడిగాడు: నువ్వు సంతకం చేసేటప్పుడు ఆయనకు తెలివి ఉందా? సలీం గౌరి వైపు చూశాడు. హాలులో అందరం చూశాం. ఆమె తల దించుకుంది తప్ప ఏ సైగా చేయలేదు.

"నహీ సాబ్. ఆంఖ్ బంద్ థీ. కళ్ళు మూసే ఉన్నాయి," అన్నాడు సలీం.

తీర్పు తమ్ముడి వైపు వచ్చింది. చట్టం ప్రకారం అది సరైన తీర్పే, నేనైనా అదే రాసేవాణ్ణి. అది రాసే పని నాది కానందుకు మాత్రం ఊరట చెందాను. తర్వాత ఒకసారి గౌరిని అడిగాను, సలీంతో ముందే మాట్లాడుకోలేదా అని.

"మా వకీలు మాట్లాడమన్నాడు సర్. నానే వద్దన్నాను. సలీం భయ్యా ఆ వార్డులోకి నా కోసమే ఎల్లాడు. మళ్ళీ నా కోసం అబద్ధం కూడానా?"

ఈ వ్యవహారంలో నాకు తెలిసింది ఇంతే. ఒక రోజున రెండు నియమాలు ఎదురుపడితే, గుమ్మంలో కాపలా మనిషిని పెట్టుకున్న నియమమే నెగ్గుతుంది. రెండోది ఏడాది తర్వాత కోర్టులో తన లెక్క అడుగుతుంది, అప్పటికి సరిచేయడానికి ఎవరూ మిగలరు. అందుకే ఇప్పుడు వీలునామా గురించి అడిగేవాళ్ళకు ఇద్దరు సాక్షులు ఎదురుగా కూర్చోగలిగిన రోజునే రాయమంటాను. ఎక్కువమంది నవ్వి వెళ్ళిపోతారు.

తమ్ముడికి ఇంజన్ల పని తెలియదు. షాపు మూతపడకుండా గౌరినే ఉంచుకున్నాడు. ఆమె ఇప్పటికీ అక్కడే, అదే బల్ల దగ్గర, నెలజీతానికి పనిచేస్తోంది.