బానెట్ మీది బంగారం

మా డాక్టరు సారు పోయారు. వైరాలో కూతురింట్లో మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. కబురు విన్నప్పుడు నాకు వెంటనే ఏడుపు రాలేదు. పోనీలే, ఇన్నాళ్ళకు కంటినిండా నిద్ర దొరికింది అనుకున్నాను. సాయంత్రం స్లైడ్లు కడుగుతుంటే వచ్చింది.

చర్ల వైపు అడవి అంచున ఒక చిన్న దవాఖానాలో ఆయన డాక్టరు, నేను రక్తపరీక్షలు చేసేవాణ్ణి. వానలు మొదలైతే ఊళ్ళకు ఊళ్ళు చలిజ్వరంతో మా వరండాలోనే ఉండేవి. సారు కుర్చీలోనే కునుకు తీసేవారు. రోగి దగ్గితే కళ్ళు తెరిచి, "చెప్పు, వింటున్న" అనేవారు. మీకు అలసట రాదా సార్ అని ఒకసారి విసుగ్గానే అడిగాను. "అలిసిపోయిన అని చెప్పేటోనికి ఇంకా కొంచెం ఓపిక ఉన్నట్టే. నాకు చెప్పే ఓపిక గూడ లేదయ్యా" అన్నారు.

మాకున్నది అద్దంతో ఎండను పట్టే పాత మైక్రోస్కోపు. మబ్బు పడితే అది గుడ్డిదే. అలాంటి చోటికి తొంభైల్లో, వాడి చూడండని పైనుంచి కొత్తరకం కాగితపు పట్టీలు పంపారు. వేలు పొడిచి ఒక్క చుక్క రక్తం వేస్తే చాలు, మలేరియా ఉంటే ఎర్రగీత పడుతుంది. ఆ ఎరుపు మామూలు రంగు కాదు, బంగారం. బంగారాన్ని మా మైక్రోస్కోపుకు కూడా ఆననంత సన్న రేణువులుగా చేస్తే పచ్చదనం పోయి ఎర్రబడుతుందట. మలేరియా ఆనవాలును పట్టుకునే పదార్థాన్ని ఆ రేణువులకు అంటించి పట్టీలో పెడతారు. రక్తంలో ఆ ఆనవాలు తగిలితే రేణువులన్నీ ఒకచోట ఆగి గీత అవుతాయి. సారు ఇది చదివి మురిసిపోయారు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. కనబడ్డవాళ్ళందరికీ చెప్పారు. భద్రాచలం నుంచి డబ్బాలు తెచ్చే బస్సు డ్రైవరుకూ చెప్పారు. "అండ్ల బంగారం ఉన్నదయ్యా, పైలం."

ఒక ముసురు మధ్యాహ్నం ఒక కోయ ఆయన తన భార్యను మంచం మీద మోయించుకొచ్చాడు. ఆమెకు ఆరో నెల. ఒళ్ళు కాలిపోతోంది. ఆకాశం నల్లగా ఉంది, స్లైడు పెట్టినా ఏమీ కనబడదు. కొత్త డబ్బాలోంచి పట్టీ తీసి చూశాం. మలేరియా గీత రాలేదు. సారు వేరే జ్వరమనుకుని దానికి మందులిచ్చారు. మరునాడు ఎండ కాసింది. ఆమె రక్తం స్లైడు మైక్రోస్కోపు కింద పెడితే నిండా మలేరియా. క్వినైన్ ఎక్కించాం. ఆమె దక్కింది. కడుపు నిలవలేదు.

సారు వరండాలో ఆమె భర్త పక్కన నేలమీదే కూర్చున్నారు. "నిన్ననే ఎక్కియ్యాల్సిన మందు. నేను గీతను నమ్మిన. తప్పు నాదే."

"అవ్ సారూ. మా ఆడమనిషైతే ఉన్నది గద" అన్నాడు ఆమె భర్త. సారు ముఖం పక్కకు తిప్పుకున్నారు.

ఆ వారమే ఇంకో డబ్బా వచ్చింది. డ్రైవరు తానే దిగి, మమ్మల్ని బస్సు దగ్గరికి పిలిచి చూపించాడు. "సార్, మీ బంగారాన్ని వెనక ఎయ్యనియ్యలే. పోయినసారి లెక్కనే నా పక్కకు బానెట్ మీద పెట్టుకొని, కండ్లల్ల వత్తులేసుకొని తెచ్చిన. ఎవల్నీ ముట్టనియ్యలే."

సారు ఆ ఇంజను మూత మీద చెయ్యి పెట్టి, చురుక్కుమంటే తీసేశారు. ఆ వేడికి పట్టీల్లోని పదార్థం ఏం బతుకుతుంది. నాకు ఒళ్ళు మండి తిట్టబోయాను. సారు నా భుజం పట్టి ఆపారు. "మంచిగ తెచ్చినవ్ తమ్మీ" అని అతణ్ణి పంపేశారు.

దవాఖానాకు తిరిగొస్తూ నాతో అన్నారు: "బంగారమని చెప్పిన గని వేడి తగలనియ్యకు అని చెప్పలే. ఆయన బంగారాన్ని చూసినట్టే చూసిండు. బంగారు కత్తని మెడ కోసుకుంటమా అంటరు. నేను ఇంకొకరి మెడ గోసిన."

ఆ తరవాత సారు తనకు బదిలీ అయ్యేదాకా డబ్బాలను ఇంకొకరి చేతికి వదల్లేదు. ఓపిక లేకపోయినా ఆయనే భద్రాచలం పోయి తెచ్చేవారు. ఇప్పుడు నేనూ అలిసిపోయాను. పైకి చెప్పగలుగుతున్నాను కాబట్టి, సారు మాట ప్రకారం ఇంకా కొంత ఓపిక మిగిలే ఉందేమో.

సారును తలుచుకుంటే నాకు కనబడేది ఒక్కటే. డబ్బాను ప్లాస్టిక్ కవరులో పెట్టి, తడి గోనెసంచిలో చుట్టి, ఇంజనుకు దూరంగా చివరి సీట్లో ఒళ్ళో పెట్టుకుని వస్తారు. ఆ గుంతల దారిలో నిద్రపోతారు గానీ చేతులు వదలరు. బస్సు ఆగితే, ప్యాంటు ముందంతా తడిసిపోయి దిగుతారు. కిటికీల్లో ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆయన అటు చూడరు. డబ్బా నా చేతికిచ్చే ముందు, గోనె ఇంకా చల్లగానే ఉందా అని అరచెయ్యి ఆనించి చూసుకుంటారు.