కుదురు లేని మనిషి

క్వార్టర్లీ పరీక్షల జవాబు పత్రాల కట్టను నేను బస్సులో మర్చిపోయిన రోజున, మా హెచ్.ఎం. గారు నన్ను స్టాఫ్ రూమ్ మధ్యలో నిలబెట్టి అడిగారు.

"ఏంటమ్మా, పిల్లల పేపర్లు దిద్దమని బస్సుకిచ్చి వచ్చారా?"

అందరూ నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివరి మాట ఇది. పాలకొల్లులో కాపురం. నరసాపురం వెళ్ళే దారిలో ఒక పల్లెటూరి హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉద్యోగం. ఆ మధ్యాహ్నమే సెలవు చీటీ రాసిచ్చి నరసాపురం డిపోకి పరిగెత్తాను. కండక్టరు ఆ కట్టను తన తువ్వాలులో చుట్టి భద్రంగా పెట్టాడు. "ఆయ్, పిల్లల పేపర్లని తెలిసిందండి. మీరొస్తారనే దాచానండి" అన్నాడు. ఒక్క కాగితం పోలేదు. గడువులోపలే దిద్ది ఇచ్చేశాను కూడా. అదెవరికీ గుర్తు లేదు. ఆ స్కూల్లో ఉన్నన్నాళ్ళూ నేను పేపర్లు పారేసుకున్న మేడమ్‌నే. పైగా హెచ్.ఎం. గారు మెమో ఇచ్చి, దానికి జవాబుగా "నా అజాగ్రత్త వల్ల జరిగినది" అని నా చేతే రాయించుకున్నారు.

అజాగ్రత్తట! నేను పడినంత జాగ్రత్త ఆ స్టాఫ్ రూమ్‌లో ఎవరు పడ్డారు? చెయ్యాల్సిన పనులు అరచేతిలో పెన్నుతో రాసుకునేదాన్ని. అంట్లు తోమేసరికి అవి చెరిగిపోయేవి. గాజుకి దారం కట్టుకునేదాన్ని. అది ఎందుకు కట్టానో మర్చిపోయేదాన్ని. బీరువా తాళాలు ఫ్రిజ్‌లో వంకాయల కింద దొరికేవి. పాలు పొయ్యి మీద పెట్టి, ఎదురుగా నిలబడి ఉండి కూడా, పొంగి మంట ఆరిపోయాకే చూసేదాన్ని. ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకుండానే అందుకునేదాన్ని. ఆగితే నా మాట ఎగిరిపోతుందని భయం. సగం కుట్టిన జాకెట్లు, ఫీజు కట్టి పరీక్ష రాయని ఎం.ఎ., కూర్చున్నంతసేపూ ఊగే కాలు. "ఆ కాలు ఊపకమ్మా, ఇంటికి అరిష్టం" అనేవారు మా అత్తగారు.

మా ఆయన బ్యాంకులో గుమస్తా. చెప్పులు కూడా గీత గీసినట్టు విడిచే మనిషి. నన్ను తిట్టేవారు కాదు. నిట్టూర్చేవారు. తిడితే ఎదురు తిరగొచ్చు, నిట్టూర్పుకి ఏమని జవాబు చెప్పను?

పోనీ దేని మీదా మనసు నిలవని మనిషినా అంటే, అదీ కాదు. నచ్చిన పని దొరికితే లోకం మునిగిపోయినా లేచేదాన్ని కాదు. ఒక ఏడాది వానాకాలంలో తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి డెల్టా నమూనా మొదలుపెట్టాను. బంకమట్టితో గోదావరి, దాని పాయలు, కాటన్ బ్యారేజీ, కాలువలు, లాకులు. స్కూలు వదిలాక పిల్లలంతా వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే కూర్చుని నరసాపురం కాలువకి గట్లు పోస్తున్నాను. తల ఎత్తేసరికి కిటికీలో వెలుగు లేదు.

మా పాపకి అప్పుడు ఆరేళ్ళు. పాలకొల్లులో కాన్వెంటులో చదివేది. అయిదింటికి ట్యూషన్ వదిలేసరికి నేను బస్సు దిగి తీసుకెళ్ళాలి. రోజూ అదే పని. ఆ రోజు నేను కాన్వెంటు గేటు దగ్గరికి చేరేసరికి ఏడు కావస్తోంది. వాన పడుతోంది. ఆయమ్మ తన ఇంటికి పోకుండా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వరండాలో ఉంది.

"పిల్లని మర్చిపోయే తల్లి ఉంటుందా అమ్మగారూ?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

పాప ఏడవలేదు. "నేను గుర్తు రాలేదా అమ్మా?" అని మాత్రం అడిగింది.

ఇంట్లో మా ఆయన అంతా విని, ఈసారి నిట్టూర్చలేదు. "నువ్వసలు తల్లివేనా?" అన్నారు. చేతిలో ఉన్న స్టీలు గిన్నె గోడకేసి కొట్టాను. పాప బెదిరిపోయి నాయనమ్మ వెనక్కి పోయింది. ఆ గిన్నె ఎవరి మీద విసిరానో నాకు తెలుసు. ఆ గోడ దగ్గర నిలబడి దెబ్బ తినాల్సింది నేనే అనిపించింది.

మరుసటి ఏడాది ఏలూరులో టీచర్లకి శిక్షణ పెట్టారు. క్లాసులో కుదురు లేని పిల్లల గురించి ఒకాయన పాఠం చెప్పాడు. వస్తువులు పారేసుకుంటారు, మాటకి అడ్డొస్తారు, మొదలుపెట్టింది పూర్తి చెయ్యరు, పిలిచినా వినపడనట్టుంటారు, ఇష్టమైన పని మాత్రం వదలరు అంటూ బోర్డు మీద వరసగా రాశాడు. దాని పేరు ఏ.డి.హెచ్.డి. అన్నాడు. నా గురించి ఎవరో ఉత్తరం రాసి ఈయనకి అందించినట్టనిపించింది. లేచి నిలబడ్డాను.

"ఈ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారండీ?"

"పెద్దయితే పెద్దవాళ్ళవుతారు మేడమ్! మీసాలొస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. ఈసారి నేను నవ్వలేదు. నాకు ముప్ఫై అయిదేళ్ళు. ఏమీ సర్దుకోలేదు.

ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే రాజమండ్రి వెళ్ళి ఒక మానసిక వైద్యురాలిని కలిశాను. ఆవిడ నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విని, "మీ చిన్నతనం తెలిసినవాళ్ళని ఒకసారి తీసుకురండమ్మా" అన్నారు. మా అమ్మని తీసుకెళ్ళాను. అమ్మ కుర్చీ అంచున కూర్చుని, చీర కొంగు సర్దుకుని, ఎంతో మర్యాదగా చెప్పింది.

"చిన్నప్పట్నుంచీ కుదురు లేదండి దీనికి. ఒకటో తరగతిలో ఊరికే లేచిపోతోందని మాస్టారు తాడుతో బెంచీకి కట్టేసేవారండి. అడిగితే నేనే కట్టమన్నానండి. పెళ్ళయితే అదే కుదురొస్తుంది అనుకున్నాం."

బెంచీకి కట్టడం నాకు గుర్తుంది. కట్టమన్నది అమ్మ అని ఆ గదిలోనే తెలిసింది.

డాక్టరు గారు నా వైపు తిరిగి చెప్పారు. "ఇది చిన్నతనంతో అందరికీ పోదమ్మా. చాలామందికి ఒంట్లో గంతులు తగ్గుతాయి, బుర్రలో గంతులు తగ్గవు. మీది సోమరితనం కాదు. నిర్లక్ష్యం కూడా కాదు."

తిరుగు ప్రయాణంలో బస్సు సిద్ధాంతం వంతెన దాటేదాకా ఓర్చుకున్నాను. తర్వాత అమ్మని అడిగేశాను. "ఎందుకు కట్టమన్నావు?"

"నాకేం తెలుసే? నలుగురూ నవ్వుతున్నారు. నువ్వు బాగుపడాలనే కదా" అంది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నిజమే, ఆవిడకి తెలియదు. ఆ మాస్టారికీ తెలియదు, మా హెచ్.ఎం. గారికీ తెలియదు. అంతమందికి తెలియకపోతే ముప్ఫై ఏళ్ళు తిట్లు తిన్న నా కోపం ఎక్కడ పెట్టుకోను? అమ్మ భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వెయ్యలేదు.

ఇంట్లో చెప్తే మా ఆయన, "అయితే ఇంక ప్రతిదానికీ ఇదే వంకన్నమాట" అన్నారు.

అప్పుడు నాకు ఒక విషయం తట్టింది. అన్నేళ్ళూ ఎందుకు తట్టలేదో! "మీ బ్యాంకు కాన్వెంటుకి రెండు వీధుల అవతల ఉంది. నేను పక్క ఊరి నుంచి బస్సు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాను. ఆ రోజు పాప రెండు గంటలు వానలో కూర్చుంటే మీరెక్కడున్నారు?" అన్నాను.

గుమ్మం దగ్గర వరసగానే ఉన్న చెప్పుల్ని ఆయన వంగి మళ్ళీ సర్దారు.

"నేను తల్లినో కాదో అడిగారు. మిమ్మల్ని ఎవరైనా ఏమన్నా అడిగారా? రేపట్నుంచి పాపని మీరే తీసుకురండి."

తీసుకొచ్చారు. కాదనను, క్రమం తప్పకుండానే తెచ్చారు. నెల తిరక్కుండా ఒకరోజు మాత్రం ఆయనా మర్చిపోయారు. పాప ముప్పావుగంట కూర్చుంది. మా అత్తగారు విని, "పాపం, ఆడిట్ వాళ్ళు వచ్చారుగా, బుర్రలో ఎన్ని పెట్టుకుంటాడు?" అన్నారు. ఆయన్ని తండ్రివేనా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ నాకు విచారంగానే ఉంది.

డాక్టరు గారు రాసిచ్చిన మాత్రలు అప్పటిదాకా వేసుకోలేదు. పిచ్చి మాత్రలు వేసుకుంటే ఉద్యోగం పోతుందని ఇంట్లో భయపెట్టారు, నేనూ భయపడ్డాను. అత్తగారి ఆ ఒక్క మాట విన్న మర్నాడు పొద్దున్నే ఒకటి వేసుకున్నాను.

ఆదివారం అది. బియ్యం కడిగి కుక్కర్ పెట్టాను. విజిల్స్ లెక్కపెట్టాను. కింద పడ్డ కాగితం తీసి చెత్తబుట్టలో వేసి, మళ్ళీ పొయ్యి దగ్గరికే వచ్చాను. పప్పుకి తాలింపు వేశాను. మధ్యలో పాప వచ్చి ఏదో చెప్తే చివరిదాకా విన్నాను. అదంతా అయ్యాక వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం కాదది. లోకంలో అందరూ రోజూ ఇంత తేలిగ్గా బతుకుతున్నారా? ఇంత తేలిగ్గా బతుకుతూనా నాకు బుద్ధులు చెప్పారు?

ఆ మాత్ర మధ్యాహ్నానికే దిగిపోయింది. సాయంత్రం పాలు మళ్ళీ పొంగాయి. పొయ్యి తుడిచాను, నన్ను నేను తిట్టుకోకుండా తుడవడం అదే మొదలు. తర్వాత కొన్నేళ్ళు వాడాను, కొన్నేళ్ళు మానేశాను. ఎం.ఎ. మాత్రం పూర్తి చెయ్యలేదు. పెద్దయ్యాక తగ్గిపోతుందని ఎవరైనా అంటే ఇప్పటికీ వాళ్ళ మాట మధ్యలోనే అందుకుంటాను.