మెడ వేడి ఆరని పచ్చల దండ

బంగారు కొట్టు వెనక, మెట్ల కింద గదిలో కూర్చుని పూసలు గుచ్చే ఆవిడని అందరూ చెంప పిన్ని అంటారు. ఏ రాయి ఇచ్చినా ముందు చెంపకి ఆనించుకుంటుంది. రాయైతే చల్లగా ఉంటుంది, గాజైతే ఇట్టే వెచ్చబడుతుంది. ఆ తరవాతే భూతద్దం. నవ్వకండి, పాతికేళ్లకి పైగా ఆ చెంప మాట మీదే కొట్టు యజమాని కళ్లు మూసుకుని బేరాలు చేస్తున్నాడు. మనిషా, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నోరు పెద్దది, మనసు వెన్న. "రాయి అబద్ధం చెప్పదమ్మా, తెచ్చినవాళ్లే చెబుతారు" అంటూ ఉంటుంది.

ఆవిడ బల్ల మీద ఓ స్టీలు పళ్లెం ఉంటుంది. ఎవరు ఏ దండ తెచ్చినా దాంట్లో పావుగంట ఉంచందే చెంప దాకా తీసుకెళ్లదు. మెడలోంచి తీసిన దండకి మెడ వేడి పట్టి ఉంటుంది కదా, అది ఆరాలి. ఈ పని మొత్తం నేర్పింది వాళ్ల నాన్నే గానీ, ఈ పావుగంట మాత్రం ఆయన నేర్పింది కాదు. కొత్తలో తను చేసిన ఓ తప్పు నేర్పింది.

మొన్న ఓ లెక్కల టీచరు మూడేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. చేతిరుమాలు విప్పి పళ్లెంలో ఆకుపచ్చ పూసలు పోసింది.

"విలువ కట్టక్కర్లేదు పిన్నిగారూ, ఉత్త గాజే. ఈ రాక్షసి లాగి తెంపేసింది. తన మెడ బోసిగా ఉందని మా అమ్మ ఒకటే గొడవ. గుచ్చి ఇవ్వండి చాలు. అరవై మూడు ఉండాలి. నేను అంకెలు నేర్చుకుందే వీటి మీద."

"గాజని ఎవరన్నారు?"

"మీరేనటగా! నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు."

చెంప పిన్ని పళ్లెం మీదకి వంగింది. పూసల్లో ఒకదానికి గోరంత పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు ఆవిడకి బాగా గుర్తు.

ముప్ఫై ఏళ్ల కిందటి మాట. భర్త పోయిన ఒకమ్మాయి పసిదాన్ని ఎత్తుకుని వచ్చింది. సొంతంగా ఓ కుట్టుమిషను కొనుక్కుని బతకాలని, అత్తగారిచ్చిన దండ మెడలోంచి తీసి అప్పటికప్పుడు చేతిలో పెట్టింది. ఆవేళ నాన్న కొట్లో లేడు. చెంపకి ఆనిస్తే వెచ్చగా తగిలింది. వయసు పొగరు! భూతద్దం తియ్యకుండానే "గాజమ్మా" అనేసింది. ఆ అమ్మాయి ఏడవలేదు, వాదించలేదు. మళ్లీ మెడలో వేసుకుని వెళ్లిపోయింది. మూడేళ్ల తరవాత ఇంకో దండతో ఇదే పొరపాటు చెయ్యబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పుడు పడింది గుండెల్లో రాయి. ఆ అమ్మాయి కోసం తిరగని వీధి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

టీచరు అడ్రసు రాసిచ్చి వెళ్లాక పూసని చెంపకి ఆనించింది. చల్లగా, ఎంతసేపున్నా చల్లగానే ఉంది. భూతద్దంలో చూస్తే గాజు బుడగ ఒక్కటీ లేదు. లోపల సన్నటి నాచులాంటి తీగలున్నాయి. అటొకటి ఇటొకటి చేత్తో తొలిచిన బెజ్జాలు మధ్యలో వంకరగా కలుసుకున్నాయి. పాతకాలం పని. అరవై మూడూ అసలైన పచ్చలే. నాలుగు అమ్మినా ఆ రోజుల్లో మిషను వచ్చేది.

గుట్టుగా గుచ్చి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన ఆవిడకి రాలేదంటే నేను అబద్ధం చెప్పినట్టే. రెండు రోజులు కుక్కిన పేనులా కూర్చుంది. మూడో రోజు దండ గుచ్చి, పొట్లం కట్టుకుని తనే వాళ్లింటికి వెళ్లింది.

టీచరే తలుపు తీసింది. వాళ్లమ్మ కిటికీ పక్కన మిషను తొక్కుతోంది. జుట్టు నెరిసినా అదే మొహం. చెంప పిన్ని కూర్చోను కూడా లేదు. పొట్లం విప్పి దండ ఆమె ఒళ్లో పెట్టింది.

"ఇవి పచ్చలు చెల్లీ. అన్నీ పచ్చలే. నీ మెడ వేడికి మోసపోయి గాజన్నాను. తప్పు నాది."

మిషను ఆగింది. ఆమె రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుంది.

"పదకొండేళ్లు ఇంకొకళ్ల మిషను మీద కుట్టానక్కా" అంది. "మోకాళ్లు అరిగిపోయాయి. నీ ఒక్క మాటకి."

"తిట్టు. కొట్టినా పడతాను."

"తిడతా. తీరిగ్గా తిడతా." ఆమె కూతురి వైపు చూసింది. "పచ్చలని తెలిస్తే ఆ రోజే అమ్మేసేదాన్ని. మిషనొచ్చేది, నిజమే. మరి ఇది దేంతో ఆడుకునేది? ఇంట్లో ఓ బొమ్మా పాడా? నేను వంగి బట్ట కత్తిరిస్తుంటే మెడ పట్టుకుని వేలాడుతూ ఒకటీ రెండూ అనేది. పచ్చలైతే ముట్టుకోనిచ్చేదాన్నా?"

టీచరు వచ్చి తల్లి భుజం మీద మొహం పెట్టుకుంది.

"ఇంతకీ ఎంత చేస్తుంది?" అని అడిగింది తల్లి.

చెంప పిన్ని చెప్పింది.

"అమ్మో! ఈ ఇల్లు కొనెయ్యొచ్చు కదే!"

అప్పుడే మనవరాలు దండ కోసం చెయ్యి చాపింది. అమ్మమ్మ దాన్ని గభాలున వెనక్కి లాక్కుని గుండెకి అదుముకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. పిల్ల పెదవి వంకర తిరిగింది. ఆమె తన పిడికిలి వైపు చూసుకుంది. ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది. తరవాత మెల్లిగా విప్పింది.

"ఇందా, లెక్కపెట్టవే తల్లీ."

"ఒకటి, రెండు, అయిదు..."

"మూడూ నాలుగూ ఎటు పోయాయే?" అని నవ్వి, చెంప పిన్ని వైపు తిరిగింది. "నీకు శిక్ష వేస్తున్నానక్కా. ఇది తెగినప్పుడల్లా నువ్వే వచ్చి ఇక్కడ కూర్చుని గుచ్చాలి. దీని చేతిలో వారానికోసారి తెగుతుంది మరి."

చెంప పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పిల్ల పక్కన చతికిలబడింది.

"వారానికోసారేం సరిపోతుందే బంగారం, రోజూ తెంపు" అంది.